జోల పూర్తయ్యేదాకా

సూర్యుడు నడినెత్తికి చేరడానికి ఇంకా కొంత పొద్దు ఉందనగా, శిలావతీ నగరం తూర్పు ద్వారం ముందు ఒక బుడబుక్కలవాడు ప్రత్యక్షమయ్యాడు. తలకు ఎర్రని పాగా, నుదుట వెడల్పాటి బొట్టు, ఒంటి మీద రంగురంగుల అతుకుల అంగీ, చేతిలో బుడబుక్క. ద్వారపాలకులు ఈటెలు అడ్డం పెట్టలేదు సరికదా, పక్కకు తొలగి దారి ఇచ్చారు. జోస్యం చెప్పేవాళ్ళను ఎవరూ ఆపకూడదని మాంత్రికుడు ధూమ్రకేశుడి ఆజ్ఞ. ఆ రాజ్యంలో ఇప్పుడు ధూమ్రకేశుడి ఆజ్ఞే రాజాజ్ఞ. అబద్ధాల మీద బతికేవాడికి తోటి అబద్ధాలకోరులంటే ఆ మాత్రం అభిమానం ఉండడం సహజమే.

అయితే ఆ అతుకుల అంగీలో ఉన్నవాడు జోస్యగాడు కాదు. యువరాజు మణిమంతుడు. మాంత్రికుడి మాటలు నమ్మి కన్నతండ్రి మహీధరవర్మే అతన్ని దేశం నుంచి వెళ్ళగొట్టాడు. తిరిగి కనిపిస్తే తల తీయమన్నాడు కూడా. అయినా అతను సర్పారణ్యం దాటి, మొసళ్ళ మడుగు ఈది, బోడికొండ మీద దొంగలతో కత్తి కలిపి మరీ వచ్చాడంటే, రాజ్యం కోసం రాలేదు. ఓబులమ్మ కోసం వచ్చాడు. తల్లి లేని బిడ్డను గుండెలకు హత్తుకుని పెంచిన దాది ఓబులమ్మను ఆ మధ్యాహ్నం హోమగుండంలో వేయబోతున్నారు. ఆమె చేసిన నేరం, తన మంచాన్ని ఇవ్వననడం.

మంచం ఇవ్వకపోతే మనిషిని కాలుస్తారా అని మీరు నోరు నొక్కుకోవచ్చు. శిలావతి సంగతి తెలియనివాళ్ళకు అలాగే ఉంటుంది. చెబుతాను.

రెండు కొండల నడుమ, కుంకుమపువ్వు రంగు ఉదయాల కింద, సెలయేటి ఒడ్డున పరుచుకున్న ఆనాటి శిలావతిని ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోలేడు. ఇళ్ళన్నీ పొట్టివి. సున్నం వేసిన తెల్లని గోడలు, వాటి నడుము చుట్టూ, కప్పు కిందా నల్లగా నిగనిగలాడే టేకు పట్టీలు. ఆ పట్టీలను వాళ్ళు ఇంటి వడ్డాణాలనేవాళ్ళు. కొత్తకోడలు వస్తోందంటే ముందు వడ్రంగిని పిలిచి ఇంటి వడ్డాణం వదులయిందేమో చూపించేవాళ్ళు. అది బిగించాకే ఆ పిల్ల గడప తొక్కేది. ఎవరి ఇంట్లోనూ పడుకునే చోట తల పైన బరువు ఉండేది కాదు. కాగులు, గుండిగలు అన్నీ నేల మీదే. ప్రతి ఇంట్లోనూ ఏనుగు ఎక్కి కూర్చున్నా కిర్రుమనని పట్టెమంచం ఒకటి ఉండేది. ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇక్కడ కాసేపు ఆగిపోతాను, ఏమనుకోకండి.

మణిమంతుడి తాతగారి కాలంలో ఒకసారి నేల కంపించి సగం నగరం కూలిపోయింది. ఆ ముసలిరాజు గొప్ప బుర్ర ఉన్నవాడు. కొండలు తవ్వేవాళ్ళను, బావులు దించేవాళ్ళను, దేశాలు తిరిగినవాళ్ళను పిలిపించి కూర్చోబెట్టుకుని సంగతేమిటో తేల్చుకున్నాడు. మన కాళ్ళ కింద దేశాలంత వెడల్పు బండలున్నాయి. అవి చేతిగోరు పెరిగేంత నెమ్మదిగా జరుగుతూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. అంచుల దగ్గర ఇరుక్కుని ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి, ఇక ఆగలేక ఒక్కసారి జారతాయి. ఆ జారడమే మనకు కంపం. జారిన బండ సర్దుకునేదాకా మళ్ళీ మళ్ళీ కదులుతుంది. ఎక్కడ రావచ్చో చెప్పవచ్చు గానీ ఏ రోజున వస్తుందో చెప్పగలవాడు భూమి మీద పుట్టలేదు.

ఇదంతా శాసనం చెక్కిస్తే ఎవరు చదువుతారు? అందుకని ముసలిరాజు ఒక పండుగ పెట్టాడు. దాని పేరు ఊయల పండుగ. ఆ రోజు ఏదో ఒక వేళకు, ఎవరికీ ముందు చెప్పకుండా, కోటలో డప్పు మోగేది. మోగగానే ఆడవాళ్ళు నవ్వుకుంటూ పొయ్యిలో నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. పిల్లా జెల్లా ముసలీ ముతకా మంచాల కింద దూరి, తల వంచుకుని, మంచం కోళ్ళు గట్టిగా పట్టుకుని, పక్క మార్చుకుంటున్న నేలతల్లికి జోల పాడేవాళ్ళు.

*ఒత్తిగిలు నేలమ్మ, ఒత్తిగిలి పండు,*
*ఒదిగి నీ బిడ్డలము మంచాల కింద.*

పాట సగంలో డప్పు ఆగేది. అప్పుడు పరుగెత్తకుండా, గోడలకు దూరంగా, తల మీద పీటో చాపో పెట్టుకుని ఊరి బయట పచ్చికకు నడిచేవాళ్ళు. పొయ్యిలు ఆర్పేశారు కదా, అందుకని ఆ రోజు తిండి అంతా చద్దిదే. పెరుగు కలిపిన చద్దన్నం, నంజుకోవడానికి మాగాయ, తర్వాత నువ్వుండలు. ఎన్ని విందులు తిన్నా ఆ చద్దన్నం రుచి మళ్ళీ రాదనేవాళ్ళు పెద్దవాళ్ళు. పొద్దు వాలేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. జోలలో చివరి చరణం పచ్చికలోనే పాడాలి.

ఆ చివరి చరణం మణిమంతుడికి మాత్రం రాదు. ఎందుకంటే అతను ఎప్పుడూ అంతదాకా కూర్చోలేదు. పందిరిమంచం మీద మరిచిపోయిన కొయ్య చిలక కోసం ప్రతి ఏడూ మధ్యలోనే లేచి కోటలోకి పరుగెత్తేవాడు. ఓబులమ్మ వెంటపడి పట్టుకుని, వీపు మీద ఒకటి వేసి, నువ్వుండలు లేకుండా చేసేది. రాత్రి పడుకునేటప్పుడు మళ్ళీ ఆవిడే కొంగులో దాచిన ఉండ తీసి నోట్లో పెట్టేది.

అటువంటి నగరానికి ధూమ్రకేశుడు శనిలా దాపురించాడు. నేలతల్లిని శాశ్వతంగా నిద్రపుచ్చుతానన్నాడు. ఫలానా నాడు కంపం వస్తుందని చాటించేవాడు. ఆ నాడు రాకపోతే నేనే ఆపానని మీసం దువ్వేవాడు. రాజు నమ్మాడు, రాజును చూసి జనం నమ్మారు. శిలావతి వాళ్ళు చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఇన్నేళ్ళూ నేలను ఆపింది తమ జోలపాటే అనుకున్నారు వాళ్ళు. పాట కన్నా గొప్ప మంత్రం వచ్చిందనగానే, పాటతోపాటు మంచాలనూ వడ్డాణాలనూ కూడా వదిలేశారు. జోల వల్లే నేలకు మెలకువ వస్తోందని మాంత్రికుడు పండుగ మాన్పించాడు. కంపానికి గోడలు విడిపోకుండా పట్టి ఉంచే ఇళ్ళ వడ్డాణాలు ఊడదీయించాడు. ఆకాశాన్నంటే నల్లరాతి స్తంభాలతో వజ్రమంటపం కట్టించి, నేల కదిలితే వచ్చి ఆ స్తంభాలను కౌగిలించుకోమన్నాడు. తమను తాము కాపాడుకోవడం తెలిసిన జనానికి మాంత్రికుడితో పని ఉండదని వాడికి బాగా తెలుసు.

ఇప్పుడు ఊరి మంచాలన్నీ ఆ మంటపంలో హోమగుండం చుట్టూ బారులు తీర్చి ఉన్నాయి. వాటిని కాల్చేస్తే నేలకు శాశ్వత నిద్ర అట. అందరూ ఇచ్చారు. ఓబులమ్మ ఇవ్వనంది. అందుకే ఆమెను నడుముకు తాడు వేసి ఆమె పందిరిమంచం కోడుకే కట్టి, రెండింటినీ కలిపి ముందుగా గుండంలో వేయాలని తీర్మానించారు.

మణిమంతుడు మంటపంలో అడుగుపెట్టేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. నిప్పుకణికల్లాంటి కళ్ళు, మోకాళ్ళదాకా వేలాడే పొగరంగు జడలు, మెడలో ఎముకల హారం, ఆ వాలకంతో ధూమ్రకేశుడు గుండం ముందు నిలుచున్నాడు. సింహాసనం మీద మహీధరవర్మ చిక్కి సగమై, దేనినీ చూడని చూపుతో కూర్చున్నాడు. మంటపం లోపలి అంచున, గోడ దగ్గర, నెరిసిన తల వంచుకుని ఓబులమ్మ. యువరాజు ఆమెను చూశాడు. ఎంత చిన్నదైపోయింది! తనను చంకన వేసుకుని కోట మెట్లన్నీ ఎక్కిన మనిషేనా?

అతని పథకం చిన్నదే. బుడబుక్కలో చురకత్తి దాచాడు, గోడ అవతల గుర్రాన్ని కట్టాడు. జోస్యం చెబుతున్నట్టు తిరుగుతూ ఆమె దగ్గరకు చేరి కట్లు కోసేయాలి. మాంత్రికుడు అతన్ని పిలిచి, ఈ హోమం ఫలిస్తుందో లేదో చెప్పమన్నాడు. మణిమంతుడు కళ్ళు మూసుకుని బుడబుక్క ఆడించాడు. ఏం వాయిస్తున్నాడో అతనికే తెలియదు. కొంతసేపటికి గమనిస్తే, చేయి దానంతట అదే ఊయల పండుగ తాళం వేస్తోంది.

ఓబులమ్మ తల ఎత్తింది.

సరిగ్గా అప్పుడు నేల కదిలింది. ముందు పాదాల కింద బండి పోతున్నట్టు గుడగుడ. ఆ వెనకే మంటపం మొత్తాన్ని ఒక్క కుదుపు కుదిపింది. పైనుంచి రాతిపొడి రాలింది. ఆ రోజు కంపం వస్తుందని ధూమ్రకేశుడు చాటించలేదు. నేల వాణ్ణి అడిగి రాలేదు మరి.

“స్తంభాలు పట్టుకోండి!” అని మాంత్రికుడు పెడబొబ్బ పెట్టాడు.

జనం స్తంభాల వైపు కదిలారు. మణిమంతుడు పాగా విసిరికొట్టి, బుడబుక్కను బలమంతా పెట్టి ఆడిస్తూ, గొంతెత్తి జోల అందుకున్నాడు. ఒత్తిగిలు నేలమ్మ. వాదించలేదు, వివరించలేదు. దానికి వ్యవధీ లేదు. జనం ఒక్క క్షణం తటపటాయించారు. ముందుగా కదిలింది ఒక ముసలావిడ. ఆలోచించకుండా అభిషేకపు బిందె ఎత్తి గుండంలోని నిప్పు మీద కుమ్మరించింది. రెండోవాడు ఎవరనుకున్నారు? మహీధరవర్మ. ఆ తాళం చెవిన పడగానే సింహాసనం దిగి, చిన్నపిల్లవాడిలా ఎదుటి మంచం కింద దూరి కోడు పట్టుకున్నాడు. కిరీటం దొర్లిపోయింది. దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఆ పాట విన్న చేతులు, కాళ్ళు అన్నీ తమ పని గుర్తు తెచ్చుకున్నాయి. చూస్తుండగానే మంటపం మధ్య మనిషన్నవాడు నిలబడి లేడు. అందరూ మంచాల కింద ఉన్నారు, అందరూ పాడుతున్నారు. ధూమ్రకేశుడు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు.

మణిమంతుడు ఓబులమ్మ వైపు దూకబోయాడు. నేల అతన్ని నిలవనివ్వలేదు. పక్కనే ఉన్న మంచం కిందకి పాకి, అక్కణ్ణుంచే చూశాడు. మంచం కోడుకు కట్టిన మనిషి కదా, ఆమె ఎంచక్కా ఆ మంచం కిందికే జారుకుంది. కాల్చబోయినవాడే ఆమెను తగిన చోట కట్టాడు. మరుక్షణం నల్లరాతి స్తంభం ఒకటి ఫెళ్ళున విరిగింది. దానితో లోపలి వైపు కప్పు అంతా కూలింది. ఆమెకూ అతనికీ మధ్య రాళ్ళ గుట్ట లేచింది.

రెండో చరణం ముగిసేసరికి కుదుపు ఆగింది. మంచాల మీద రాళ్ళు పడి ఉన్నాయి, కింద మనుషులు ఉన్నారు. తలల మీద పీటలు, పళ్ళేలు పెట్టుకుని, ఒకరినొకరు తోసుకోకుండా జనం బయటికి నడిచారు. వెనుకబడినవాళ్ళను చేయి పట్టి తెచ్చి అందరికన్నా చివర మణిమంతుడు వచ్చాడు. వచ్చీరాగానే మంటపం వెనక్కి పరుగెత్తాడు. అక్కడ గోడ చీలి, మనిషి దూరేంత సందు ఏర్పడింది. అతుకుల అంగీ విప్పి పారేసి లోపలికి తల పెట్టాడు.

“యాడికిరా?”

చీకట్లోంచి వచ్చిన ఆ గొంతు వినగానే యువరాజు కళ్ళు నిండిపోయాయి. వస్తున్నాననీ, ఒక్క క్షణం ఓర్చుకోమనీ అన్నాడు.

“నీ చిలక యాడికీ పోదులేరా అబ్బోడా. గమ్మున పోయి పచ్చికలో కూచో. జోల ఇంకా కాలేదు.”

ఎన్నాళ్ళకు విన్నాడు ఆ మాట! గడ్డం పెంచినా, రంగు పూసినా ఆవిడ మోసపోలేదు. బుడబుక్క మొదటి దెబ్బకే పోల్చుకుంది. అయినా అతను వెనక్కి రాలేదు. అవ్వా, నిన్ను ఇక్కడ వదిలి ఎలా పోనని అడిగాడు.

“మంచం గట్టిదేలే, మీ తాత చేయించింది. మళ్ళీ కదులుతాది నేల. అప్పుడు నువ్వీ సందులో ఉంటే నేను బతికేం లాభం? నోట్లోకి దుమ్ము పోతాంది, కొంగు అడ్డం పెట్టుకోవాల. ఇంక మాట్లాడించొద్దు. బతికుంటే కోడు మీద కొడతా. విను.”

మొసళ్ళ మడుగులో దూకడం కన్నా కష్టమైన పని ఆ రోజు మణిమంతుడు చేశాడు. వెనక్కి నడిచి పచ్చికలో కూర్చున్నాడు.

పచ్చికంతా జనం. ఎవరి మూటలోదో చద్దన్నం బయటికి వచ్చింది, ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊయల పండుగ వచ్చినట్టే ఉంది. కొందరు నవ్వుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. కిరీటం లేని తల మీద రాతిపొడితో ఒక వృద్ధుడు వచ్చి యువరాజు పక్కన కూలబడ్డాడు. అతను మహీధరవర్మ. కొడుకు ముఖం చూశాడు, చెరిగిన బొట్టు చూశాడు. లోపల ఎవరున్నారని అడిగాడు. ఓబులమ్మ అని చెప్పగానే ఆయన కళ్ళు తుడుచుకుని, చివరి చరణం ఎత్తుకున్నాడు.

*తిరిగి కదిలేవేమొ, తొందరేమి మాకు,*
*పొద్దు వాలేదాక పచ్చికే పరుపు.*

మణిమంతుడు దాన్ని మొదటిసారి విన్నాడు. తాతగారు ఏ మాట దాచి పెట్టిపోయారో అప్పుడు తెలిసింది. చరణం నోట్లో ఉండగానే నేల మళ్ళీ కదిలింది. మొదటిదాని అంత పెద్దది కాదు. కాని బీటలు వారిన మంటపానికి అది చాలు. వెనక గోడ, అతను తల పెట్టిన సందుతో సహా, నిలువునా కుంగిపోయింది. ఎర్రని దుమ్ము మేఘంలా లేచింది.

దుమ్ము అణిగేసరికి ఎవరో కేక పెట్టి కొండదారి చూపించారు. నల్లగుర్రం మీద ధూమ్రకేశుడు కనుమ వైపు దౌడు తీస్తున్నాడు. గుర్రాలు సిద్ధంగా ఉన్నాయనీ, ఇప్పుడు తరిమితే దొరుకుతాడనీ, ఆలస్యమైతే కనుమ దాటి పగవారి సైన్యంతో తిరిగి వస్తాడనీ సేనాని తొందరపెట్టాడు. మణిమంతుడు అటు తిరిగి కూడా చూడలేదు. అందరినీ నిశ్శబ్దంగా ఉండమని చేయెత్తాడు. అంత జనమూ ఊపిరి బిగబట్టారు. చంటిపిల్లల నోళ్ళకు తల్లులు రొమ్ములు అందించారు.

ఏ చప్పుడూ లేదు.

అతను రాళ్ళ గుట్ట దాకా నడిచి, మిగిలిన గోడలేవీ తన మీద పడని చోటు చూసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అవ్వా అని పిలవబోయి ఆగాడు. పిలిస్తే ఆమె బదులు పలకాలి, పలికితే దుమ్ము మింగాలి. రాతికి చెవి ఆనించాడు.

ఎక్కడో లోతున కొయ్య మీద కొయ్య తగిలింది. టక్. కాస్త ఆగి, టక్ టక్. ఊయల తాళం.

జనం గుండెల్లోంచి ఒక్కసారిగా ఊపిరి బయటికి వచ్చింది. లోపలికి పోకూడదని జోలలో ఉంది గానీ, బయటినుంచి రాళ్ళు తీయకూడదని ఎక్కడా లేదు. రాళ్ళు మీటడానికి మంచం పట్టెలు తెమ్మని రాజు తానే కేక వేశాడు. వడ్రంగులు, రాళ్ళు కొట్టేవాళ్ళు ఒక్కొక్క బండనూ పై నుంచి, పక్క బండ జారకుండా, నెమ్మదిగా ఎత్తసాగారు. కనుమ దగ్గర నల్లగుర్రం చుక్కంతై మాయమైంది. దాని సంగతి తర్వాత చూసుకోవాలి.

తాను ఉన్నానని ఆమెకు తెలియాలి కదా. మణిమంతుడు బుడబుక్క అందుకుని ఊయల తాళం వేశాడు. కన్నీళ్ళలో ఒక దెబ్బ తప్పిపోయింది.

రాళ్ళ కింద చప్పుడు టక్కున ఆగింది. కాసేపటికి, తప్పు చేసిన పిల్లవాడికి నేర్పుతున్నట్టు, మళ్ళీ మొదటినుంచి నింపాదిగా మొదలైంది.